ఒక వ్యాగను, రెండు లైన్లు

పోయిన వారం మనం నూకమ్మ గారిని జంషెడ్‌పూర్ మాంగో పేటలోని రెండు గదుల ఇంట్లో, వంటింటి గడప మీద, చేతిలో సగం ఒలిచిన వెల్లుల్లితో వదిలేసి వచ్చాం. ముందు గదిలో కోడలు సుధారాణి ఫోను స్పీకర్లో పెట్టి విశాఖపట్నంతో మాట్లాడుతోంది. అవతలి గొంతు అన్నది చిన్న మాట.

"జయప్రకాష్ గారిని ఇంకా వర్గంలో చేర్చలేదమ్మా. ఇలా వదిలేస్తే కుదరదు."

నూకమ్మ గారి ఎడమ చెవి ఎప్పుడో రిటైరైంది. కుడి చెవి ఎక్స్‌టెన్షన్ మీద నడుస్తోంది. ఆ చెవిలోకి దూరేటప్పటికి వర్గం ముందు ఒక 'స' వచ్చి కూర్చుంది. కన్నకొడుకు పోయి ఇన్ని నెలలైనా స్వర్గంలో చేర్చుకోలేదని తెలిస్తే ఏ తల్లి వెల్లుల్లి ఒలుచుకుంటూ కూర్చుంటుంది? రెబ్బలు చాటలో పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి నడిచింది.

బండి మధ్యలో ఎక్కినవాళ్ల కోసం రెండు మాటలు. జయప్రకాష్ టాటానగర్ గూడ్సు యార్డులో పనిచేసేవాడు. ఏ వ్యాగను ఏ ఊరికి పోవాలో చూసి, దాని లైను మీదికి దాన్ని చేర్పించడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక చేసేదీ అదే పని, కాకపోతే వ్యాగన్ల చోట రష్యా రచయితలు. ఆన్‌లైన్ తెలుగు విజ్ఞానసర్వస్వంలో ఎవరెవరో రాసి వదిలేసిన రష్యన్ సాహిత్యం పేజీలు దిక్కూ మొక్కూ లేకుండా పడి ఉంటే, నవలలు ఒక వర్గం, కథలు ఒక వర్గం, తెలుగులోకి తెచ్చినవాళ్లు ఒక వర్గం అని ఏళ్ల తరబడి సర్దుకుంటూ వచ్చాడు. గడ్డకట్టే చలిలో గడ్డాలు పెంచుకుని గడ్డు బతుకుల గురించి రాసిన ఆ పెద్దలందరికీ జంషెడ్‌పూర్‌లో బంధువు ఆయనొక్కడే. బయట సాక్చీ బజార్లో రష్షు, ఇంట్లో రష్యా. "వాళ్లది వర్గపోరాటం, నాది వర్గాలతో పోరాటం" అని తనే అని, తనే నవ్వుకునేవాడు.

ఆ పిచ్చి ఎలా పట్టిందో కూడా చెప్పాలి. చదివింది హిందీ బడిలో. ఇంట్లో వినబడేది అమ్మ శ్రీకాకుళం మాట. చదవడం, రాయడం మాత్రం మాస్కోలో అచ్చయి పుస్తకాల బండి మీద ఈ ఊరొచ్చిన తెలుగు బొమ్మల పుస్తకాల్లో నేర్చుకున్నాడు. దాంతో పిల్లవాడి నోట్లో తెలుగు మంచులో నానబెట్టినట్టు తయారైంది. ఒకనాడు బడి నుంచి వచ్చి, "ప్రియమైన అమ్మా, నేను మిక్కిలి ఆకలిగొన్నాను" అన్నాడు. నూకమ్మ గారు అన్నం పెట్టడం మానేసి, గుంటడికి గాలి సోకిందేమోనని దిష్టి తీసింది. పెద్దయ్యాక కూడా డ్యూటీకి పోతూ "సెలవు, ప్రియమైన అమ్మా" అనే పోయేవాడు. ఆవిడ తిట్టుకుంటూనే గుమ్మం దాకా వచ్చేది.

పోయిన వేసవిలో డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుకుంటూ అరుగు మీద కూర్చున్నవాడు మళ్లీ లేవలేదు.

ఆయన పోయాడు గానీ ఆయన ఖాతా పోలేదు. పేజీలు సర్దుతూనే ఉంది. సర్దిన ప్రతిసారీ కింద, ఆయన ఎప్పుడూ రాసే మాట రాస్తూనే ఉంది: "లైన్ క్లియర్." ముందున్న దారి ఖాళీగా ఉంది, బండి రావచ్చు అని ఒక స్టేషను ఇంకో స్టేషనుకి చెప్పే మాట అది. ఈ బండి ఎవరు నడుపుతున్నారన్నదే పోయిన వారం విశాఖపట్నం వాళ్లు అడిగిన ప్రశ్న.

*

పక్కింటి చిలకమ్మకి ఒక సంగతి చెప్పడమంటే స్టేషను మైకులో చెప్పడమే. ఆదివారం భోజనాలయ్యేసరికి పంతులు గారు దర్భలతో, పంచాంగంతో ఆటో దిగారు. ఆయన వెనకే స్కూటరు ఆపి, హెల్మెట్ చంకలో పెట్టుకుని బలరామ్ వచ్చాడు. ఈయన చేతిలో ల్యాప్‌టాప్. ఇలా ఒకే గదిలోకి శ్రాద్ధం పార్టీ, సాహిత్యం పార్టీ ఒకేసారి చేరాయి.

బలరామ్ జయప్రకాష్‌తో యార్డులో కలిసి పనిచేసినవాడు. అంతకంటే ముందు నుంచే స్నేహం. సుధారాణి పెళ్లి కాకముందు ఇదే ఊళ్లో కాసిడీహ్ అనే పేటలో ఉండేది. జయప్రకాష్ ఆమెకి ఆ మాస్కో పుస్తకాలు అరువిచ్చేవాడు. నేరుగా వెళ్లే ధైర్యం లేక బలరామ్ చేత పంపేవాడు. ఇచ్చేది ఒకరు, పుచ్చుకునేది ఒకరు, ఎండలో సైకిలు తొక్కేది మాత్రం బలరామ్. రష్యా రచయితల బరువు ఈ ఊళ్లో అందరికంటే ఎక్కువగా మోసినవాడు ఆయనే.

"నువ్వు కూడా ఇన్నావా బలరాముడా?" అంది నూకమ్మ గారు గుమ్మంలోనే పట్టుకుని.

"ఏటి పెద్దమ్మా?"

"నా కొడుకుని ఇంకా గుమ్మంలోనే నిలబెట్టీసినారట. లోపలికి రానియ్యనేదట. ఇశాపట్నం నుంచి ఫోన్ సేసి సెప్పినారు."

పంతులు గారు దర్భలు ఒళ్లో పెట్టుకుని ఆలోచనలో పడ్డారు. స్వర్గానికి విశాఖపట్నంలో బ్రాంచి ఆఫీసు ఉన్న సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది.

"నాను అప్పుడే అనుకున్నాను నూకప్పా," అంది చిలకమ్మ. "పదకొండో రోజున సువర్ణరేక ఒడ్డున ఎంతసేపు కూకున్నాం. కాకి ఆ గట్టు మీద తిరిగింది గానీ ఇటు రానేదు. ఏదో కోరిక ఉండిపోయినాదని."

"మరి బలరాముడు లేసి, 'నీ పని ఆగదురా, నేను సూసుకుంటాను' అన్నాకే కదేటి వచ్చి ముట్టింది. ఏటి సూసుకున్నావు బాబూ?"

బలరామ్ హెల్మెట్ ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు. "లోపలికి పదండి పెద్దమ్మా. ముందు ఆ విశాఖపట్నం ఆవిడ లైన్లోకి వస్తారు. తర్వాత మాట్లాడుకుందాం."

ల్యాప్‌టాప్‌ని ప్లాస్టిక్ స్టూలు మీద పెట్టారు. సుధారాణి దాని ఎదురుగా, కింద చాప మీద కూర్చుంది. ఆమెకి ఆయన పోయాక టాటానగర్ పార్సిల్ ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. ఆదివారం కూడా చేతికి పార్సిళ్ల మీద రాసే నీలం ఇంకు మరక వదల్లేదు. కూతురు శ్వేత లోపలి గది తలుపుకి ఆనుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని నిలబడింది. కాలేజీలో రెండో ఏడు. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. తెలుగు అక్షరం ముక్క రాదని ఇంటిల్లిపాదికీ తెలుసు, ఆ మాట మీద తండ్రి చాలాసార్లు మనసు కష్టపెట్టుకున్నాడు కూడా.

తెర మీద పద్మకుమారి గారు కనబడ్డారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై, ఇప్పుడు విజ్ఞానసర్వస్వానికి నిర్వాహకురాలిగా ఊరికే సేవ చేస్తున్నారు. గది నిండా జనాన్ని చూసి ఆవిడ ముఖం వెలిగింది.

"జంషెడ్‌పూర్‌లో ఇంతమంది సంపాదకులున్నారా? నాకు తెలియనే తెలియదు."

పంతులు గారు నమస్కారం పెట్టారు. ఎందుకైనా మంచిదని చిలకమ్మ కూడా పెట్టింది.

"సుధారాణి గారూ, ఫోన్లో కొంచెం కరుకుగా మాట్లాడానేమో. ఏమీ అనుకోకండి," అన్నారు పద్మకుమారి గారు. "మా దగ్గర ఒక మర్యాద ఉంది. సంపాదకులు ఎవరైనా పోతే వారి ఖాతాకి తాళం వేస్తాం. వారి పేరుని దివంగత సంపాదకులు అనే వర్గంలో చేరుస్తాం. ఆ చేతితో ఇంక ఎవరూ రాయకూడదని. ఆయన ఖాతా నడుస్తోందని నేను ముందే చూశాను. ఇంట్లోవాళ్లే అయి ఉంటారు, పోనీలే అనుకున్నాను. ఊరుకోవడం నా తప్పు. ఇప్పుడు ఫిర్యాదు వచ్చింది. జయప్రకాష్ గారు ఒకరితో రోజూ గొడవపడుతున్నారని."

"ఎవరితో?" అన్నాడు బలరామ్.

"జయప్రకాష్ గారితోనే."

అనువాదాల్లో మొదలైన సంగతి అలా వాదాల్లోకి వచ్చింది. ఆవిడ ఒక పేజీ చరిత్ర తెరిచి చూపించారు. ఎవరు ఏం మార్చినా అక్కడ నమోదవుతుంది. ఒక రష్యన్ నవల పేజీ. సాయంత్రం జయప్రకాష్ దానికున్న వర్గాలన్నీ తీసేసి ఒక్కటే ఉంచాడు, లైన్ క్లియర్ అన్నాడు. మర్నాడు పొద్దున అదే జయప్రకాష్ తీసేసినవన్నీ తెచ్చి పెట్టాడు, లైన్ క్లియర్ అన్నాడు. సాయంత్రం మళ్లీ తీశాడు. పొద్దున మళ్లీ పెట్టాడు. ఇంకో నవల, ఇంకో కథ, అన్నిచోట్లా ఇదే తంతు. బతికుండగా ఒక్కరితో గొంతు పెంచి మాట్లాడని మనిషి, పోయాక తన గొంతు తనే పట్టుకున్నాడు.

"ఎవరు చేశారో ఒప్పుకుని, సొంత ఖాతా తెరుచుకుంటే చేసిన పని నిలుస్తుంది," అన్నారు పద్మకుమారి గారు. "లేదంటే ఆయన పోయిన తర్వాత ఆ పేరు మీద జరిగిందంతా వెనక్కి తిప్పేస్తారు. ఈ సాయంత్రంతో గడువు. నా చేతిలో ఉన్నంతవరకూ ఆపాను."

గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆ పేటకి మాంగో అని పేరు. హిందీలో అయితే అడుక్కోమని అర్థం. కానీ అడిగినా గాలి రాని గది అది.

"నేనే," అంది సుధారాణి. "సాయంత్రాలవి నేనే. ఆయన ఫోన్లోంచి."

చిలకమ్మ నోరు తెరిచింది. సుధారాణి ఆగలేదు.

"ఆయన పోయిన కొత్తలో ఇల్లంతా ఖాళీగా ఉండేది. ఆయన ఫోన్ చార్జింగ్ పెట్టి ఉంచేదాన్ని. ఒకరోజు తెరిచి చూస్తే ఆయన సగంలో ఆపిన పేజీ అలాగే ఉంది. పూర్తి చేద్దామనిపించింది. ఒక వ్యాగను రెండు లైన్ల మీద నిలబడదని ఎప్పుడూ అంటుండేవారు కదా. పేజీ కూడా అంతే అనుకున్నాను. ఒకటుంచి మిగతావి తీసీసేను."

బలరామ్ కళ్లు మూసుకున్నాడు. యార్డులో పనిచేసే మనిషి పెళ్లాం తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది.

"వ్యాగనుకి అది నిజమేనమ్మా," అన్నారు పద్మకుమారి గారు మెల్లగా. "పేజీకి అలా కాదు. ఒక నవల రష్యన్ నవలల వర్గంలోనూ ఉంటుంది, తెలుగులోకి వచ్చిన పుస్తకాల వర్గంలోనూ ఉంటుంది, ఎన్నింట్లోనైనా ఉంటుంది."

"తెలుసండి."

"తెలిసే తీశారా?"

"మొదట తెలీకే తీశాను. మర్నాడు పొద్దున టీ పెట్టుకుని చూస్తే, అన్నీ మళ్లీ పెట్టి ఉన్నాయి. కింద లైన్ క్లియర్ అని ఉంది." సుధారాణి గొంతు ఏమీ మారలేదు. పార్సిల్ ఆఫీసులో బరువు చదివినట్టే చెబుతోంది. "ఆయనున్నప్పుడు కూడా అంతేనండి. అలమరాలో పుస్తకాలు నేను సర్దుతాను కదా, తప్పుగా పెడితే ఒక్క మాట అనేవారు కాదు. పొద్దున లేచి చూస్తే ఆయనకి నచ్చినట్టు మారిపోయి ఉండేవి. అందుకని ఆ సాయంత్రం మళ్లీ తీశాను. నేను తీసేత్తే ఆయనొచ్చి పెడతారని."

పంతులు గారు పంచాంగం మూశారు.

"అలా రోజూ తీత్తన్నాను. రోజూ వత్తన్నారు."

లాగిన్ అయిన ప్రతిసారీ ఆమె గుండెని అవతలి నుంచి ఎవరో లాగుతున్నారనే ఇన్నాళ్లూ నమ్మింది. నమ్మకానికి పాస్‌వర్డ్ ఉండదు, మార్చుకుందామన్నా కుదరదు.

"సుధారాణి గారూ," అన్నారు పద్మకుమారి గారు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "సాయంత్రాలవి మీరు చేసినట్టు రాసుకుంటాను. పొద్దునవి ఎవరు చేశారో కూడా చెప్పాలి కదమ్మా. లేకపోతే మీవి కూడా పోతాయి."

"చెప్పాను కదండీ."

"అలా రాయలేను."

"పోతే పోనివ్వండి. ఆయన కాదని మాత్రం నాతో అనిపించకండి."

బలరామ్ ఏదో అనబోయి ఆగాడు. తలుపు దగ్గర శ్వేత చెవుల్లోంచి తీగలు తీసింది. అప్పటిదాకా అందులో పాటలేమీ రావడం లేదని, ఆ తీగల రెండో కొస దేనికీ తగిలించి లేదని అప్పుడు కనబడింది.

"మమ్మీ," అంది. "సుబహ్ వాలీ మైఁ థీ."

పొద్దునవి నేనే, అని. సుధారాణి వెనక్కి తిరిగి చూడలేదు.

"నీకు తెలుగు రాదు."

"సీఖ్ లియా."

"ఎప్పుడు నేర్చుకున్నావు? ఎవరు నేర్పారు?"

"పాపా కీ కితాబోఁ సే." శ్వేత రెండడుగులు ముందుకొచ్చి ఆగింది. నాన్న పుస్తకాల్లోంచే నేర్చుకుంది. ఆయన పోయాక నెలకి, ఆ బొమ్మల పుస్తకాలే ముందేసుకుని, ఒక్కో అక్షరం ఫోన్లో వెతుక్కుంటూ. ఒకరోజు అమ్మ వాడుతున్న నాన్న ఫోన్లో ఆ పేజీ చూసింది. ఏం తప్పు జరుగుతోందో అర్థమైంది. కాలేజీకి బయల్దేరేముందు తన ల్యాప్‌టాప్‌లోంచి సరిచేసింది. తండ్రి పాస్‌వర్డ్ ఏమిటో కూతురికి తెలియదా, అది ఆ పిల్ల పుట్టినరోజే.

భర్త పోయిన రోజున సుధారాణి ఏడవలేదని కాలనీలో చెప్పుకున్నారు. ఈ రోజు కూడా ఏడవలేదు. లేచి వంటింట్లోకి వెళ్లి, అత్తగారు వదిలేసిన వెల్లుల్లి చాట తెచ్చుకుని మళ్లీ అక్కడే కూర్చుంది. ఒక రెబ్బ తీసుకుంది. ఒలవలేదు.

"అయితే రేపట్నుంచి పొద్దున లేచి నేనేటి చూడాలి?" అంది.

ఆ ప్రశ్న ఎవరినీ అడిగింది కాదు. జవాబు మాత్రం వచ్చింది. శ్వేత ఒక్కసారి గొంతు సవరించుకుంది. పుట్టి ఇన్నేళ్లకి ఆ పిల్ల తల్లితో మాట్లాడిన మొదటి తెలుగు వాక్యం అది. నేర్చుకున్నది ఆ పుస్తకాల్లోనే కాబట్టి ఆ పుస్తకాల్లో ఉన్నట్టే వచ్చింది, ఒక్కో మాటా వేలితో పట్టుకుని దించినట్టుగా.

"ప్రియమైన అమ్మా, నీవు ప్రతి ఉదయమూ ఆ పేజీ చూసి మందహాసం చేసేదానివి. ఆ మందహాసం ఆగిపోతుందేమోనని భయపడ్డాను. కాబట్టి నేను మానలేకపోయాను."

ఇంకో ఇంట్లో అయితే నవ్వేవాళ్లు. చిలకమ్మ కూడా నవ్వలేదు. బలరామ్ గోడవైపు తిరిగాడు. గోడవైపు తిరిగినా వినబడుతూనే ఉంటుంది కదా, గొంతు ఆడపిల్లదే గానీ మాట ఆయనదే.

పంతులు గారి పక్కన, ఏం జరుగుతోందో సగం కూడా వినబడక దిక్కులు చూస్తున్న నూకమ్మ గారు చటుక్కున తలెత్తింది. కుడి చెవికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎవులది? ఎవులు పిలిసినారు అలగ?"

"దాదీ, నేను," అంది శ్వేత.

"మల్లీ అను."

"ఏమనాలి?"

"అదే. అమ్మా అన్నావు కదా, దాని ముందు ఏదో ఉన్నాది కదా. మల్లీ అను."

శ్వేత వచ్చి ఆవిడ ముందు కూర్చుంది. "ప్రియమైన అమ్మా," అంది, నానమ్మ చెవికి దగ్గరగా.

నూకమ్మ గారు మనవరాలి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పోలిక కోసం వెతికినట్టు కాదు, ఎక్కడ దాక్కున్నాడో వెతికినట్టు. తర్వాత పంతులు గారి వైపు తిరిగి, తగువులో గెలిచిన మనిషిలా అంది.

"ఇంకా సేర్చనేదన్నారు. ఈడు ఇక్కడున్నాడు బాబూ. ఇల్లు కదలనోడిని సొర్గంలో ఎలగ సేరుత్తారు?"

అప్పుడు గానీ పద్మకుమారి గారికి ఈ సభలో సగం మంది ఎందుకొచ్చారో తెలియలేదు. "స్వర్గమా?" అన్నారు. "నేనెప్పుడన్నానమ్మా?"

బలరామ్ కళ్లు తుడుచుకుని వచ్చి నూకమ్మ గారి కుడివైపు చేరాడు. యార్డులో ఇంజను చప్పుడు మీద అరవడం అలవాటైన గొంతు కాబట్టి అందరికీ వినబడింది, పక్కింటికి కూడా.

"సొర్గం కాదు పెద్దమ్మా. వర్గం. వర్గం అంటే, ఇదిగో, యార్డులో ఏ లైను మీద ఏ బండి ఉందో బోర్డు మీద రాత్తాం చూడు, అలాంటి బోర్డు. అక్కడ రాసి సేవ చేసినోళ్లు పోతే వాళ్ల పేర్లకి ఒక బోర్డు ఉంది. మనోడి పేరు ఆ బోర్డు మీద ఇంకా రాయలేదని ఆవిడ అన్నారు. అంతే. పైవాళ్లెవరూ ఏమీ అనలేదు. ఎవులూ నిలబెట్టలేదు."

పంతులు గారు గట్టిగా ఊపిరి వదిలి, "శుభం," అన్నారు. స్వర్గం నుంచి ఒక స పోతే మిగిలిన దానికి తన అవసరం లేదని గ్రహించి దర్భలు సంచిలో పెట్టుకున్నారు. "మరి కాకి సంగతి?" అని చిలకమ్మ అడగబోయింది గానీ ఎవరూ వినిపించుకోలేదు.

నూకమ్మ గారు ల్యాప్‌టాప్ వైపు జరిగింది.

"సచ్చిపోయినోల్ల బోర్డు మీద రాత్తే, రస్యా బోర్డు మీద పేరు తుడిసెత్తారేటి?"

ప్రశ్న తెరలోంచి విశాఖపట్నం చేరింది.

"తుడవమమ్మా. మీ అబ్బాయి పేరు అన్నింటి మీదా ఉంటుంది. ఇది ఒకటి కలుస్తుంది, అంతే."

"అయితే రాయండి." ఆవిడ కోడలి వైపు చూసింది. "నువ్వే రాయే సుదా. పరాయోల్లు రాయడం దేనికి."

సుధారాణి వెల్లుల్లి చాట పక్కకి జరిపింది. ఇంకు మరక వేళ్లతో మీటలు నొక్కి తన పేరుతో ఖాతా తెరిచింది. శ్వేత పక్కన కూర్చుని ఇంకోటి తెరిచింది. చేసిన మార్పుల్లో ఎవరివి ఎవరివో తేల్చుకోమన్నారు పద్మకుమారి గారు. చివరిది తేలగానే ఆయన ఖాతాకి తాళం పడుతుంది. తల్లీకూతుళ్లు తెర మీదికి వంగి వేరు చేసుకుంటూ వచ్చారు. ఇది నాది. ఇది నీది. సాయంత్రం నాది, పొద్దున నీది. కొన్నిచోట్ల సుధారాణి ఒక్క క్షణం ఎక్కువ ఆగేది. ఇది చూసి ఆ రోజు ఎంత సంతోషపడ్డానో అనుకుని కాబోలు, కూతురి చెయ్యి నొక్కి ముందుకు పోయేది. గదిలోవాళ్లు లేచారు. పంతులు గారికి ఆటో వచ్చింది. బలరామ్ గుమ్మం దగ్గర నిలబడి హెల్మెట్ పెట్టుకుంటున్నాడు.

"ఇది కూడా నీదేనా?" అంది సుధారాణి.

శ్వేత చూసింది. పోయిన బుధవారం మిట్టమధ్యాహ్నం. అట్ట బొమ్మ కూడా లేని ఒక పాత పుస్తకం గురించిన పేజీ. "నహీఁ. ఆ రోజు నాకు పరీక్ష. నీది కాదా?"

"నేను ఆఫీసులో ఉన్నాను. ఆయన ఫోన్ ఇంట్లో ఉంది." సుధారాణి వేలు తెర మీద ఆ మాట కింద ఆగింది. "నీది కాదా? సరిగ్గా చూడు. ఇది నీదే అయ్యుండాలి. నాన్న నన్ను అలా పిలిచేవారని నీకు ఎవరైనా చెప్పారా?"

"ఎలా పిలిచేవారు?"

సుధారాణి చదవలేదు. శ్వేతే చదివింది, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, అందరికీ వినబడేలా.

"లైన్ క్లియర్, మంచుపిట్టా."

జంషెడ్‌పూర్ ఎండల్లో కాసిడీహ్‌లో ఉన్న ఒక ఆడపిల్లకి, అరువిచ్చిన పుస్తకాల అంచుల్లో పెన్సిల్‌తో రాసి పంపిన పేరది. పెళ్లయ్యాక ఆయన దాన్ని ఆమె చెవిలో తప్ప అనలేదు. అత్తగారికి తెలియదు. కూతురికి తెలియదు. ఆ పుస్తకాలు ఇచ్చినవాడికి తెలుసు, పుచ్చుకున్న మనిషికి తెలుసు. మధ్యలో సైకిలు మీద మోసినవాణ్ణి ఎవరూ లెక్కలో వేసుకోలేదు.

గుమ్మం దగ్గర హెల్మెట్ పట్టీ బిగిస్తున్న చేతులు ఆగిపోయాయి.